మే నెలను తట్టుకునే బోర్డు

మధ్యాహ్నం మూడు. సికింద్రాబాద్ పార్క్ లేన్. అందరూ సీటీసీ అనే చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లు ఎక్కుతున్నారు మీరు. బయట నలభై రెండు డిగ్రీలు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. భుజాన ఉన్న సంచిలో చిన్న పెట్టె ఒకటి ఉంది: రైజెన్ 7 5700ఎక్స్. ఎనిమిది కోర్లు, పదహారు థ్రెడ్లు. ప్రాసెసర్ కొనేశారు. ఇప్పుడు దాన్ని కూర్చోబెట్టే మదర్‌బోర్డు కావాలి.

మీది పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే పని. ముహూర్తాల కాలం. ఎల్లుండి పొద్దున ఎనిమిదింటికి ఒక కుటుంబం వచ్చి మూడు గంటల వీడియో పట్టుకెళ్లాలి. పాత కంప్యూటర్ ఈ పనికి రాత్రంతా తీసుకుంటోంది. కొత్త ప్రాసెసర్‌కి కాస్త వేగం పెంచితే గంటలు మిగులుతాయి. రికార్డులు కొట్టే ఉద్దేశం మీకు లేదు. రాత్రి రెండింటికి ఎక్స్‌పోర్ట్ తొంభై శాతం దాటాక తెర నీలంగా మారకూడదు. మీ కోరిక అంతే.

దుకాణంలో ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి వేడిగానే ఉంది. కౌంటర్ వెనక కుర్రాడు తలెత్తుతాడు.

“చెప్పన్నా, ఏం గావాలె?”

“ఏఎం4 సాకెట్ బోర్డు తమ్మీ. 5700ఎక్స్‌కి. కొంచెం ఓవర్‌క్లాక్ చేస్తా.”

గాజు కౌంటర్ మీద నాలుగు పెట్టెలు వరసగా పడతాయి.

మొదటిది అన్నిటికంటే చవక. ఏ520 చిప్‌సెట్. “దీంట్ల గూడ 5700ఎక్స్ నడుస్తదన్నా, పైసల్ మిగుల్తయ్” అంటాడు కుర్రాడు. నిజమే, నడుస్తుంది. ఓవర్‌క్లాక్ మాత్రం కాదు. ఏ520 మీద ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే గుణకాన్ని మార్చే వీలును ఏఎండీ ఇవ్వలేదు. మీరు ఆ పెట్టెను పక్కకు జరుపుతారు.

నాలుగోది అన్నిటికంటే ఖరీదు. ఎక్స్570. 2019లో వచ్చిన చిప్‌సెట్. డిస్‌ప్లే పీసు కింది భాగంలో చిన్న ఫ్యాను కనిపిస్తుంది, చిప్‌సెట్‌ను చల్లబరచడానికి. మీ గది కిటికీ రోడ్డు వైపు ఉంటుంది. ఆ దుమ్ములో ఇంత చిన్న ఫ్యాను ఎన్నాళ్లు తిరుగుతుంది? అదనంగా ఇచ్చే లేన్లు, పోర్టులు మీకు అక్కర్లేదు. అదీ పక్కకు.

మధ్యలో రెండు మిగిలాయి.

ఎడమ చేతి కిందది బీ450. పెట్టె నిండా రంగులు. “ఇది మస్తు పోతుందన్నా. వైఫై ఉంది, ఆర్‌జీబీ ఉంది. చీకట్ల మస్తు మెరుస్తది.” కుడి చేతి కిందది బీ550. పెట్టె మీద చెప్పుకోదగ్గ బొమ్మ కూడా లేదు. ధర నాలుగైదు వేలు ఎక్కువ. లైట్లు లేవు.

సీల్ ఉన్న పెట్టెలు తెరవరు. గోడకు వేలాడుతున్న రెండు డిస్‌ప్లే పీసులను దింపమని అడుగుతారు మీరు. కుర్రాడు స్టూలెక్కి దింపి కౌంటర్ మీద పక్కపక్కన పెడతాడు.

వంగండి. ప్రాసెసర్ సాకెట్ చుట్టూ చూడండి, ముఖ్యంగా ఎడమ వైపు, పై వైపు. చిన్న బూడిదరంగు ఘనాలు వరసగా నిలబడి ఉన్నాయి. అవి చోక్‌లు. వాటి పక్కన, సాధారణంగా అల్యూమినియం హీట్‌సింక్ కింద దాక్కుని, నల్లటి పలుచని చిప్స్. అవి మాస్‌ఫెట్లు. వాటి చుట్టూ పొట్టి డబ్బాల్లా కెపాసిటర్లు. ఈ మొత్తాన్ని వీఆర్‌ఎం అంటారు. మీరు కొంటున్నది అసలు ఈ ముక్కనే. మిగతా బోర్డులో చాలా భాగం రెండింటిలోనూ దాదాపు ఒకటే.

దీని పనేమిటి? పవర్ సప్లై నుంచి వచ్చేది పన్నెండు వోల్టులు. ప్రాసెసర్ కోర్లకు కావలసింది సుమారు 1.2 వోల్టులు. కంపెనీ సెట్టింగుల్లో మీ 5700ఎక్స్ 76 వాట్ల దగ్గర తనను తాను ఆపుకుంటుంది. మీరు వేగం పెంచితే నూట పది వాట్ల దాకా పోవచ్చు. ఫోన్ తీసి భాగహారం చేయండి. 110 వాట్లను 1.2 వోల్టులతో భాగిస్తే తొంభైకి పైగా ఆంపియర్లు. ఇంట్లో టన్నున్నర ఏసీ లాగేది ఏడెనిమిది ఆంపియర్లే. అంతకు పదింతలకు పైగా కరెంటు ఈ అరచేతంత జాగాలో, గంటల తరబడి, ఒక్క క్షణం కూడా తడబడకుండా వెళ్లాలి.

ఇప్పుడు చోక్‌లు లెక్కపెట్టండి. ఒక్కో చోక్, దాని పక్క మాస్‌ఫెట్లు కలిసి ఒక ఫేజ్. బీ450 మీద కోర్ల కోసం నాలుగు. బీ550 మీద ఎనిమిది. తొంభై ఆంపియర్లను నలుగురు మోస్తే ఒక్కొక్కరికి ఇరవై మూడు. ఎనిమిది మంది మోస్తే పదకొండు. లోహంలో కరెంటు సగమైతే నిరోధం వల్ల పుట్టే వేడి నాలుగో వంతుకు దిగుతుంది. ఒక్కో భాగం మీద భారం అంత తగ్గుతుంది. పెట్టె మీద రాసిన “ఫేజ్‌ల” సంఖ్యను మాత్రం గుడ్డిగా నమ్మకండి. ఒక్కో సంకేతానికి రెండేసి భాగాలు తగిలించి రెట్టింపు అంకె వేసిన బోర్డులున్నాయి. ఆ పద్ధతిలో తప్పేమీ లేదు, భారం నిజంగానే పంచుకుంటాయి. కానీ పెద్ద అంకె చూసి మంచి బోర్డని తేల్చేయకూడదు. ఒక్కో పవర్ స్టేజ్ ఎన్ని ఆంపియర్లదో చూడాలి. మీ చేతిలోని బీ550 లాంటి మధ్యతరగతి బోర్డుల్లో యాభై, అరవై ఆంపియర్ల స్టేజ్‌లు వస్తున్నాయి. వాటి మీద పదకొండు ఆంపియర్లంటే వాటికి అది విశ్రాంతితో సమానం. మీకు కావలసింది సరిగ్గా అదే.

హీట్‌సింక్ మీద వేలు పెట్టండి. బీ450 మీద ఉన్నది పలుచని అలంకారపు రేకు, అదీ ఒక వైపే. పై వరస మాస్‌ఫెట్లు నగ్నంగా ఉన్నాయి. రేకును కాస్త కదిపితే కదులుతోంది. బోర్డు తిప్పి చూస్తే ప్లాస్టిక్ పిన్నులతో బిగించారు. బీ550 హీట్‌సింక్ బరువుగా, గాడులు గాడులుగా, గాలి తగిలేలా ఉంది. వెనక స్క్రూలు కనిపిస్తున్నాయి. కదలదు.

“పక్కన రిపేర్ సాబ్ దగ్గర సూడుపో అన్నా,” అంటాడు కుర్రాడు, మీరు ఇంతసేపు చూస్తుంటే. “నేను జెప్తే నమ్మవు.”

రెండు దుకాణాల అవతల చిన్న కౌంటర్. సోల్డరింగ్ వాసన. కళ్లజోడు ముక్కు చివరకు జారిన పెద్దాయన మీరు అడిగింది విని, బల్ల కింద అట్టపెట్టెలోంచి ఒక పాత బోర్డు తీస్తాడు.

“సూడు బిడ్డా. ఎఫ్ఎక్స్-8350 దీని మీద.”

2012 నాటి ప్రాసెసర్ అది. 125 వాట్లు. బోర్డు మీద కోర్లకు నాలుగే ఫేజ్‌లు, హీట్‌సింక్ లేదు. మీరు దాన్ని వెలుతురులోకి తిప్పుతారు. సాకెట్ పక్కన ఒక మాస్‌ఫెట్ నడినెత్తిన చిన్న బొక్క. దాని చుట్టూ బోర్డు గోధుమ రంగుకు, ఆపైన నలుపుకు తిరిగింది. వేలితో రుద్దితే మసి అంటుతుంది. పక్కనున్న కెపాసిటర్ మాత్రం బాగానే కనిపిస్తోంది.

“ప్రాసెసర్ బచాయించిందా?” అని అడుగుతారు మీరు.

“గది బతికింది. నసీబు మంచిగుంది. మాస్‌ఫెట్ షార్టయితే పన్నెండు వోల్టులు సీదా ప్రాసెసర్‌లకే పోతయ్. అట్ల పోయినయ్ గూడ చూసిన.”

ఇంకేం అడగాలనిపించదు. తిరిగి కౌంటర్ దగ్గరికి వస్తారు.

బీ550 వెనక ప్యానెల్ ఒక్కసారి చూడండి. యూఎస్‌బీ పోర్టుల పక్కన చిన్న బటన్ ఉందా? ఉంది. బయోస్ ఫ్లాష్‌బ్యాక్: ప్రాసెసర్‌తో పనిలేకుండా బయోస్ మార్చే బటన్. బోర్డు అంచున నాలుగు చిన్న ఎల్‌ఈడీలు: సీపీయూ, డ్రామ్, వీజీఏ, బూట్. కంప్యూటర్ లేవనప్పుడు ఎక్కడ ఆగిందో ఇవి చెబుతాయి. ఆర్‌జీబీ లైట్ల బదులు ఈ నాలుగు లైట్లకు డబ్బిస్తున్నారు మీరు. ఇంకో ప్రశ్న: వీఆర్‌ఎం వేడిని కొలిచే సెన్సర్ ఉందా? చవక బోర్డులు కొన్నింట్లో ఉండదు. వేడి తెలియకుండా వేగం పెంచడం కళ్లు మూసుకుని బండి నడపడమే. కుర్రాడు ఫోన్‌లో స్పెసిఫికేషన్ పేజీ తీసి చూపిస్తాడు. ఉంది.

“ఇదే ఇయ్యి. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబర్ రాయి తమ్మీ.”

“పక్కా అన్నా. మూడేండ్ల వారంటీ.”

కూలర్ దగ్గర ఇంకో నిర్ణయం. కుర్రాడు నీళ్లతో చల్లబరిచే కూలర్ చూపిస్తాడు. అందంగా ఉంది. మీరు నిలువుగా ఉండే గాలి కూలర్, అంటే టవర్ కూలర్ అడుగుతారు. నీటి కూలర్ ప్రాసెసర్ వేడిని తీసుకుపోయి కేస్ అంచున వదులుతుంది. అప్పుడు సాకెట్ చుట్టూ గాలి తగ్గిపోతుంది. వీఆర్‌ఎం ఒంటరిగా ఉడుకుతుంది. టవర్ కూలర్ ఫ్యాను గాలిలో కొంత బోర్డు మీదుగా పోతుంది. ఈ వేసవిలో ఆ కొంతే విలువైనది.

సాయంత్రం ఆరు. ఇల్లు. బోర్డు పెట్టె మీదే బోర్డు పరిచారు. కేస్‌లో బిగించే ముందు బయటే పరీక్షిస్తారు. ముందుగా పవర్ సప్లై లోహపు డబ్బాను చేత్తో తాకండి, ఒంట్లోని స్టాటిక్ పోతుంది.

సాకెట్ పక్కనున్న లివర్ ఎత్తండి. ప్రాసెసర్‌ను అంచులు పట్టుకుని తీయండి. తిప్పకండి. దాని అడుగున 1,331 పిన్నులు. వెంట్రుకలంత సన్నం. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, బోర్డుకు కాదు. ఒక మూలన బంగారు త్రికోణం. సాకెట్ మూలన కూడా త్రికోణం. రెండూ కలపండి. వదలండి.

నొక్కకండి.

తన బరువుతోనే దిగాలి. దిగలేదు. ఒక మూల కాస్త పైకి ఉంది. చెయ్యి దానంతటదే నొక్కబోతుంది. ఆపండి. ఎత్తండి. లివర్ పూర్తిగా లేచిందా? లేదు, సగంలోనే ఉంది. నిటారుగా ఎత్తండి. మళ్లీ పెట్టండి. జారింది. సమంగా కూర్చుంది. లివర్ దించండి.

ఊపిరి వదలండి.

మెమరీ రెండు కడ్డీలు, పదహారేసి జీబీ. సాకెట్ నుంచి లెక్కపెడితే రెండో స్లాటు, నాలుగో స్లాటు. మొదటి రెండింట్లో పెడితే రెండు చానెళ్ల బదులు ఒక్క చానెలే నడుస్తుంది. పేస్టు, కూలర్, ఫ్యాను వైరు, గ్రాఫిక్స్ కార్డు. కూలర్ అడుగున ప్లాస్టిక్ కాగితం పీకారా? పీకారు. పైన ఎడమ మూలన ఎనిమిది పిన్నుల ప్రాసెసర్ కరెంటు కనెక్టర్. గ్రాఫిక్స్ కార్డు ఎనిమిది పిన్నులదీ చూడ్డానికి ఇలాగే ఉంటుంది, కానీ అది వేరు. బలవంతంగా తోస్తే పన్నెండు వోల్టులు నేల తీగలోకి పోతాయి. వైరు మీద సీపీయూ అని రాసిందే పెట్టండి. ఈ ప్రాసెసర్‌కు ఒక్కటి చాలు.

ఆన్ చేస్తారు. ఫ్యాను తిరుగుతుంది. తెర నల్లగానే ఉంది. సీపీయూ ఎల్‌ఈడీ ఎర్రగా వెలిగి అలాగే ఉండిపోతుంది.

పిన్ను వంగిందా? గుండె జారుతుంది. ఆలోచించండి. బీ550 వచ్చింది 2020 జూన్‌లో. 5700ఎక్స్ వచ్చింది 2022 ఏప్రిల్‌లో. ఈ బోర్డు ఎప్పటి స్టాకు? పెట్టె మీద తయారీ స్టిక్కర్ చూడండి. 2021. దీని బయోస్‌కు మీ ప్రాసెసర్ పుట్టిన సంగతే తెలియదు.

పాత ల్యాప్‌టాప్‌లో బోర్డు కంపెనీ సైటు తెరిచి కొత్త బయోస్ దింపుతారు. మోడల్ పేరు అక్షరం అక్షరం సరిచూడండి. వైఫై ఉన్న బోర్డుది వేరు, లేనిది వేరు కావచ్చు. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి, మాన్యువల్ చెప్పిన పేరుతో ఫైల్ పెట్టి, గుర్తున్న పోర్టులోనే గుచ్చుతారు. కంప్యూటర్ ఆపి ఉంది, పవర్ సప్లై స్విచ్ మాత్రం వేసి ఉంది. బటన్ నొక్కి పట్టుకుంటారు.

పక్కన చిన్న లైటు మిణుకుమంటుంది. పని మొదలైంది. ఐదారు నిమిషాలు పడుతుంది.

కిటికీ రెక్క ఢామ్మని కొట్టుకుంటుంది.

బయట ఈదురుగాలి. ధూళి లేచింది. మే సాయంత్రాల్లో ఇది మామూలే. కరెంటు పోవడమూ మామూలే. వైరు ఎందులో పెట్టారు? గోడకా, యూపీఎస్‌కా? చూడండి. యూపీఎస్‌కే. పాత కంప్యూటర్ వైరు తీసి అందులోనే పెట్టారు. మంచి పని.

ఉరుము.

ఫ్యాను ఆగింది. ట్యూబ్‌లైటు ఆరింది. వీధంతా చీకటి.

యూపీఎస్ బీప్. మళ్లీ బీప్.

చిన్న లైటు ఇంకా మిణుకుతోంది. చెయ్యి పెట్టకండి. పెన్‌డ్రైవ్ తాకకండి. బటన్ మళ్లీ నొక్కకండి. బోర్డు ఒక్కటే కరెంటు తాగుతోంది, అదీ కొద్దిగానే. యూపీఎస్ నిలుస్తుంది. బీప్. ఆగండి.

మిణుకు వేగం పెరుగుతుంది.

ఆరిపోయింది.

అయిందా, పోయిందా? కరెంటు వచ్చేదాకా కూర్చుంటారు. వచ్చాక ఆన్ చేస్తారు. సీపీయూ ఎర్రలైటు వెలుగుతుంది, ఆరుతుంది. డ్రామ్ వెలుగుతుంది. ఆరడానికి చాలాసేపు పడుతుంది. మొదటిసారి మెమరీని అలవాటు చేసుకుంటోంది, తొందరపడి ఆపకండి. వీజీఏ. బూట్. తెర మీద కంపెనీ గుర్తు.

మధ్యలో యూపీఎస్ చేతులెత్తేసి ఉంటే? ఫ్లాష్‌బ్యాక్ ఉన్న బోర్డు కాబట్టి చాలాసార్లు అదే బటన్‌తో మళ్లీ రాయొచ్చు. ప్రాసెసర్‌తో పనిలేకుండా బోర్డు మీది వేరే చిప్ ఆ పని చేస్తుంది. ఆ బటన్ లేని బోర్డయితే రేపు పొద్దున మళ్లీ ఆ పెద్దాయన కౌంటరే. అప్పుడు వీడియో ఎల్లుండికి అందదు.

కేస్‌లో బిగించేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఇత్తడి స్టాండాఫ్‌లు బోర్డు రంధ్రాలు ఉన్నచోటే ఉండాలి. ఎక్కువగా ఒకటి ఉండిపోతే బోర్డు అడుగున షార్టవుతుంది. విండోస్, డ్రైవర్లు ఎక్కించేసరికి సగం రాత్రి గడుస్తుంది. పడుకోండి. అసలు పరీక్ష రేపు మధ్యాహ్నానికి పెట్టుకోండి.

మధ్యాహ్నమే ఎందుకు? గది ఒక డిగ్రీ వేడెక్కితే ప్రాసెసర్, వీఆర్‌ఎం కూడా దాదాపు ఒక డిగ్రీ వేడెక్కుతాయి. డిసెంబరు రాత్రి ఇరవై డిగ్రీల గదిలో నిలిచిన సెట్టింగు మే మధ్యాహ్నం ముప్పై ఎనిమిదిలో నిలవాలని లేదు. వీఆర్‌ఎం వేడి మీద బోర్డు ఆయువు ఆధారపడి ఉంటుంది. కెపాసిటర్ పది డిగ్రీలు చల్లగా నడిస్తే సుమారు రెట్టింపు కాలం బతుకుతుందని ఎలక్ట్రానిక్స్ వాళ్ల లెక్క.

రెండున్నర. ఏసీ ఆపేశారు. గది ముప్పై ఎనిమిది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి మూడు వరసలు కనిపించేలా పెట్టుకుంటారు: ప్రాసెసర్ వేడి, వీఆర్‌ఎం వేడి, డబ్ల్యూహెచ్ఈఏ తప్పుల సంఖ్య. మూడోది సున్నా ఉండాలి, సున్నాగానే ఉండాలి. తెర ఆగిపోకపోయినా లోపల చిన్న తప్పులు దొర్లి సర్దుకుంటుంటే ఈ అంకె పెరుగుతుంది. నిలకడ లేదని మొదట చెప్పేది ఇదే.

కంపెనీ సెట్టింగులతో సినీబెంచ్ పరీక్ష పది నిమిషాలు. నాలుగు గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల నడుస్తుంది. వీఆర్‌ఎం 55. ఇది మీ మొదటి మెట్టు. రాసుకోండి.

బయోస్‌లోకి వెళ్తారు. మెమరీ ప్రొఫైల్ ఆన్, 3600. దాంతోపాటు ఎస్ఓసీ వోల్టేజీ, అంటే ప్రాసెసర్‌లో మెమరీని నడిపే భాగానికి వెళ్లే వోల్టేజీ, ఎంతైందో చూడండి. దీన్ని “ఆటో”కు వదిలేయకండి. 2023 ఏప్రిల్‌లో ఏఎం5 సాకెట్‌లో రైజెన్ 7000ఎక్స్3డీ ప్రాసెసర్లు కొన్ని కాలిపోయిన వార్తలు వచ్చాయి. మెమరీ ప్రొఫైల్ ఆన్ చేసినప్పుడు బోర్డులు ఈ వోల్టేజీని పెంచేస్తున్నాయని తేలాక ఏఎండీ 1.3 వోల్టుల హద్దు పెట్టింది. మీది ఏఎం4. అయినా సొంతంగా 1.1 అని రాయండి.

గుణకం 45. అంటే అన్ని కోర్లూ 4.5 గిగాహెర్ట్జ్. వోల్టేజీ 1.225. కంపెనీ పద్ధతిలో ఒకే కోర్ 4.6 దాకా వెళ్లేది, అది వదులుకుంటున్నారు. ఎక్స్‌పోర్ట్‌లో ఎనిమిది కోర్లూ కలిసి పనిచేస్తాయి కాబట్టి మీకు ఇది లాభం. ఓవర్‌క్లాక్ వల్ల ప్రాసెసర్ పాడైతే ఏఎండీ వారంటీ వర్తించదు. తెలిసే నొక్కుతున్నారు.

ఇంకో సెట్టింగు, లోడ్‌లైన్ కాలిబ్రేషన్. భారం పడగానే వోల్టేజీ కాస్త జారుతుంది. ఇది ఆ జారుడును ఆపుతుంది. ఎక్కువగా ఆపితే భారం తొలగిన క్షణంలో వోల్టేజీ పైకి ఎగురుతుంది, ఆ ఎగురుడు మీ సాఫ్ట్‌వేర్‌కు కనపడదు కూడా. మధ్య మెట్టు ఎంచుకోండి. అంకెలు చూసి మోసపోకండి: కొన్ని కంపెనీల బోర్డుల్లో ఒకటి అన్నిటికంటే బలమైనది, కొన్నింట్లో బలహీనమైనది. పక్కన గీసిన బొమ్మ చూసి ఎంచుకోండి.

సేవ్. రీస్టార్ట్. లేచింది.

సినీబెంచ్ పది నిమిషాలు. ప్రాసెసర్ 84. వీఆర్‌ఎం 66. తప్పులు సున్నా. కేస్ పక్క తలుపు తీసి హీట్‌సింక్‌కు దగ్గరగా అరచెయ్యి పెడతారు. వెచ్చగా ఉంది, అంతే. మాస్‌ఫెట్లు నూరు దాటినా బతుకుతాయి. 66 అంటే బోర్డుకు బోలెడు జాగా ఉంది.

జాగా ఉంది కదా అనిపిస్తుంది. అదే ప్రమాదం.

గుణకం 46.5. వోల్టేజీ 1.3. సేవ్.

లేచింది. సినీబెంచ్. రెండో నిమిషం. ప్రాసెసర్ 88. ఏఎండీ చెప్పిన గరిష్ఠం 90. ఫ్యాను గొంతు మారింది. 91. మాన్యువల్‌గా గుణకం పెట్టాక ప్రాసెసర్ సొంత కాపలా సడలుతుంది. దానంతటది తగ్గుతుందని చూడకండి. వీఆర్‌ఎం 74. బోర్డు తట్టుకుంటోంది. ప్రాసెసర్ 93. తప్పుల వరస చూడండి.

ఒకటి.

ఆపండి.

మూడు. మౌస్ కదలడం లేదు.

పవర్ బటన్. నొక్కి పట్టండి. నాలుగు సెకన్లు. ఆగింది.

బోర్డుకు ఏమీ కాలేదు. మళ్లీ బయోస్‌లోకి వెళ్తారు. ఒకవేళ అదీ రాకపోతే క్లియర్ సీఎంఓఎస్ పిన్నులను స్క్రూడ్రైవర్ కొనతో కొన్ని సెకన్లు కలిపితే పాత సెట్టింగులకు వస్తుంది. అప్పుడు పవర్ సప్లై స్విచ్ ఆపి ఉండాలి. మీకు అంత అవసరం పడలేదు. ఆ నూట యాభై మెగాహెర్ట్జ్‌తో మిగిలేది ఎక్స్‌పోర్ట్‌లో కొద్ది నిమిషాలు. దానికోసం అడిగే వేడి పది డిగ్రీలు. వెనక్కి వస్తారు. 45, 1.225.

ఇప్పుడు కఠినమైన పరీక్ష. ఓసీసీటీ గంట. ఆ తర్వాత మెమరీ పరీక్ష ఒక పూర్తి చుట్టు. తప్పులు సున్నా. చివరగా అసలు పని: ఆ మూడు గంటల పెళ్లి వీడియో. ఎక్స్‌పోర్ట్ నొక్కి తెర ముందే కూర్చుంటారు. వీఆర్‌ఎం 63 దగ్గర స్థిరపడింది. పరీక్షలంత వేడి అసలు పనిలో రాదు. తొంభై శాతం. తొంభై ఐదు. కంప్లీట్. తప్పుల వరస: సున్నా.

అదే బీ450 తెచ్చి ఉంటే? 4.5 అక్కడా పెట్టగలిగేవారు, మొదటి పది నిమిషాలు నడిచేది కూడా. ఎనభై ఐదు శాతం సామర్థ్యంతో పనిచేసే నాలుగు ఫేజ్‌ల మీద 110 వాట్లు పంపితే అక్కడే ఇరవై వాట్ల దాకా వేడి పుడుతుంది, పలుచని రేకు కింద, ముప్పై ఎనిమిది డిగ్రీల గదిలో. వీఆర్‌ఎం హద్దు దాటగానే బోర్డు ప్రాసెసర్ వేగాన్ని బాగా కిందికి దించేస్తుంది. కంపెనీ సెట్టింగులకంటే నెమ్మదిగా నడుస్తుంది, మీకు కారణం తెలియదు. అలా దించకుండా వదిలేసే బోర్డయితే ఇంకా ప్రమాదం.

మీరు ప్రాసెసర్ వేగం మార్చకుండా వాడేవారైతే చవక బోర్డు చాలు, ఆ నాలుగైదు వేలు మెమరీకో ఎస్‌ఎస్‌డీకో పెట్టండి. ఏ మాత్రం పెంచాలనుకున్నా ముందు కొనవలసింది వీఆర్‌ఎం. కనీసం ఎనిమిది ఫేజ్‌లు, స్క్రూలతో బిగించిన గట్టి హీట్‌సింక్, వేడి చూపే సెన్సర్, ఫ్లాష్‌బ్యాక్ బటన్. ఇవి నాలుగూ లేని బోర్డు మీద 4.5 కూడా పెట్టకండి. ఇప్పటికే పెట్టి నడుపుతుంటే, ఈ వేసవి అయిపోకముందే ఒక మధ్యాహ్నం ఏసీ ఆపి గంటసేపు పరీక్ష పెట్టండి. వీఆర్‌ఎం తొంభై దాటితే అదే రోజు గుణకం తగ్గించండి.